నడిపేవారే తీర్పరులైన చోట

1981 ఆగస్టు 24న సోవియట్ దూరప్రాచ్యంలోని కొమ్సొమోల్స్క్ నుంచి బ్లాగొవెష్చెన్స్క్‌కు ఏరోఫ్లోట్ విమానం ఒకటి బయలుదేరింది. అది ఏఎన్-24. రెండు టర్బోప్రాప్ ఇంజిన్ల ప్రాంతీయ విమానం. సిబ్బందితో కలిపి అందులో 32 మంది ఉన్నారు. జవీతిన్స్క్ పట్టణం దరిదాపుల్లో, 5,200 మీటర్లకు పైన, అదీ వైమానిక దళానికి చెందిన టీయూ-16 బాంబరూ ఢీకొన్నాయి. రెండింటిలో కలిపి 37 మంది చనిపోయారు. భర్తతో కలిసి ఇంటికి వస్తున్న 20 ఏళ్ల కొత్త పెళ్లికూతురు లరీసా సవీత్స్కయా ఒక్కతే బతికింది. తెగిన విమాన భాగంతో సహా ఆమె అడవిలో చెట్లమీద పడింది. గాలింపు బృందాలు ఆమెను చేరేసరికి మూడో రోజయింది.

భర్త పోయాడు, వెన్నెముక దెబ్బతింది. ఆ అమ్మాయికి అందిన పరిహారం 75 రూబుళ్లు. 37 మంది చనిపోయిన సంగతి దేశానికి తెలియలేదు. కొన్నేళ్ల తర్వాత 1980ల మధ్యలో ఒక సోవియట్ క్రీడా పత్రిక ఆమె గురించి మొదటిసారి రాసింది. అప్పుడు కూడా, సొంతంగా తయారు చేసుకున్న చిన్న విమానంలోంచి పడి బతికిందని రాసింది. ఏరోఫ్లోట్ పేరు లేదు, బాంబరు ఊసు లేదు.

ఈ దుర్ఘటన కారణాన్ని సాంకేతిక నిపుణులు ఒక్క వాక్యంలో చెప్పగలరు. ఒకే ఆకాశాన్ని వాడుకుంటున్న పౌర, సైనిక కంట్రోలర్లలో ఒకరి విమానం సంగతి మరొకరికి సరిగా అందలేదు. అది నిజమే కానీ, అంతటితో సరిపోదు. ఇదే తీరు ప్రమాదం అంతకు 12 ఏళ్ల ముందు జరిగింది. నాలుగేళ్లు తిరక్కుండానే మళ్లీ జరిగింది. ప్రమాదం ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు జవాబు వాతావరణంలోనో, యంత్రంలోనో, మనిషిలోనో దొరుకుతుంది. జరిగిందే మళ్లీ ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు జవాబును పరిపాలనలో వెతకాలి. విమానాలు నడిపేదీ, నియమాలు రాసేదీ, కూలాక తప్పు ఎవరిదో తేల్చేదీ ఒకే శాఖ అయితే ఆ శాఖ తప్పు ఏనాటికీ బయటపడదు. సోవియట్ కాలపు చిన్న విమానాల చరిత్ర మొత్తం నాకు ఈ ఒక్క మాటే చెబుతోంది.

దారి లేని ఊళ్లకు విమానం

ఆ వ్యవస్థ చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. సైబీరియా, యకూతియా, కమ్చాత్కా వంటి ప్రాంతాల్లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య వందల కిలోమీటర్ల అడవి, బురదనేల. వసంతంలో మంచు కరిగితే, శరత్తులో వానలు పడితే ఉన్న మట్టి రోడ్లు కూడా పనికిరావు. రోగిని ఆస్పత్రికి చేర్చాలన్నా, ఉత్తరాలు, మందులు తేవాలన్నా, పిల్లలను చదువుకు పంపాలన్నా విమానమే దిక్కు. 1932 నుంచి ఏరోఫ్లోట్ పేరుతో నడిచిన ఒకే ఒక్క ప్రభుత్వ సంస్థ ఆ ఊళ్లన్నిటినీ కలిపింది. 1970ల మధ్యకు ఏటా 10 కోట్ల మందిని, 1990లో 13 కోట్లకు పైగా ప్రయాణికులను మోసింది. ప్రపంచంలో మరే సంస్థా అప్పట్లో దాని దరిదాపుల్లో లేదు.

ఈ లెక్కలో పెద్ద నగరాల మధ్య ఎగిరిన జెట్‌లు ఒక వంతు మాత్రమే. స్థానిక మార్గాలను మోసినవి చిన్న విమానాలు. 1947లో తొలిసారి ఎగిరిన ఏఎన్-2 రెండు వరుసల రెక్కల విమానం. ఒకే ఇంజిన్, 12 మంది ప్రయాణికులు, గడ్డిమైదానం ఉంటే చాలు దిగిపోతుంది. వేసవిలో చక్రాలమీద, చలికాలంలో స్కీలమీద తిరిగేది. 1962లో సర్వీసులోకి వచ్చిన ఏఎన్-24లో 50 మంది దాకా పడతారు. 1968లో సేవలు మొదలుపెట్టిన యాక్-40 చిన్న ఊళ్ల కోసమే రూపొందిన మూడు ఇంజిన్ల జెట్. మట్టి రన్‌వేమీద కూడా దిగేలా చేశారు, వెయ్యికి పైగా తయారయ్యాయి. తర్వాత చెకోస్లొవేకియా నుంచి ఎల్-410 వచ్చింది. వీటికి అతిపెద్ద కొనుగోలుదారు కూడా ఏరోఫ్లోటే.

ఇవి నాసిరకం యంత్రాలు కావు. ఏఎన్-2ను ఎన్నో దేశాలు దశాబ్దాల పాటు నమ్ముకున్నాయి. యాక్-40ను ఇటలీ, పశ్చిమ జర్మనీ సంస్థలు కూడా కొన్నాయి. కాబట్టి సోవియట్ యంత్రం చెడ్డది గనుక కూలింది అనే తేలిక సమాధానాన్ని పక్కన పెట్టాల్సిందే. మంచి యంత్రాలను ఎలాంటి ఆకాశంలోకి, ఎలాంటి ఏర్పాట్లతో, ఎలాంటి ఒత్తిడితో పంపారన్నది చూడాలి.

కొండ, మేఘం, ఎత్తు ముల్లు

స్థానిక మార్గాల్లో ప్రాణాలు తీసిన మొదటి శత్రువు నేల. యంత్రం చక్కగా పనిచేస్తుండగానే, పైలట్ అదుపులో ఉన్న విమానం మేఘంలో కనిపించని కొండను ఢీకొనడం ప్రపంచమంతటా చిన్న విమానాలకు ఉన్న గండం. సోవియట్ స్థానిక మార్గాల్లో ఆ గండాన్ని పెంచిన పరిస్థితులు మూడు.

మొదటిది చూపుమీద ఆధారపడ్డ ప్రయాణం. ఏఎన్-2 వంటివి ఎక్కువగా కంటికి కనిపించే గుర్తులతో, నదిని, రైలు పట్టాలను, అడవిలో నరికిన దారిని చూసుకుంటూ ఎగిరేవి. మేఘం కిందికి దిగితే పైలట్ కూడా కిందికి దిగుతాడు. ఇంకా దిగితే వెనక్కి తిరగాలి. కానీ వెనక ఉన్న ఊళ్లోనూ వాతావరణం పాడైతే, దగ్గరలో మరో విమానాశ్రయం లేకపోతే ముందుకే పోవాలనిపిస్తుంది. వాతావరణ కేంద్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతాల్లో ఉదయం చెప్పిన అంచనా మధ్యాహ్నానికి తప్పిపోవడం మామూలే.

రెండోది ఎత్తు కొలత. సోవియట్ పద్ధతిలో దిగేటప్పుడు రన్‌వే దగ్గర సున్నా చూపేలా ఆల్టీమీటర్‌ను అమర్చుకోవాలి. అందుకు ఆ విమానాశ్రయంలోని వాయుపీడనాన్ని కంట్రోలర్ చెప్పాలి, పైలట్ సరిగ్గా వినాలి, సరిగ్గా తిప్పాలి. నేలకు దగ్గరలో ఒక మిల్లీమీటరు పాదరసం తేడా అంటే ఎత్తులో సుమారు 11 మీటర్ల తేడా. పది మిల్లీమీటర్లు పొరబడితే ముల్లు చూపే ఎత్తుకూ అసలు ఎత్తుకూ మధ్య వంద మీటర్లకు పైగా ఎడం వస్తుంది. చీకట్లో, మంచుతెరలో ఒక చిన్న గుట్టను తగలడానికి అది చాలు.

మూడోది నేలమీది ఏర్పాట్లు. పెద్ద విమానాశ్రయాల్లో దిశతో పాటు దిగాల్సిన వాలును కూడా చూపించే పరికరాలు వచ్చాయి. చిన్న ఊళ్లలో దొరికేది రెండు రేడియో బీకన్లు. ఒకటి రన్‌వేకు సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, రెండోది సుమారు ఒక కిలోమీటరు దూరంలో. అవి దిక్కు చెబుతాయి, ఎత్తు చెప్పవు. ఎంత ఎత్తులో ఏ బీకన్‌ను దాటాలో పైలట్ తనే లెక్క చూసుకోవాలి. చాలా చోట్ల రాడార్ కూడా లేదు. కంట్రోలర్‌కు విమానం కనిపించదు, పైలట్ చెప్పిందే అతనికి తెలుస్తుంది. ఇద్దరిలో ఒకరు పొరబడితే రెండోవారికి ఆ పొరపాటు పట్టుకునే మార్గం లేదు.

పైలట్ తప్పిదం అని ముద్రపడిన నివేదికను ఈ మూడింటినీ దృష్టిలో ఉంచుకుని చదవాలి. నిర్ణీత ఎత్తు కంటే కిందికి దిగింది పైలటే. ఆ ఎత్తు తెలుసుకోవడానికి అతనికి ఏం ఇచ్చారన్నది వేరే అధ్యాయం. ఆ అధ్యాయం రాయాల్సింది విమానాశ్రయాలకు నిధులు కేటాయించే శాఖ. దర్యాప్తు కూడా ఆ శాఖదే.

మంచు, లోహం

ఇక మంచు. రెక్క అంచుమీద మంచు పేరుకుంటే దాని ఆకారం మారిపోతుంది, విమానాన్ని ఎత్తి పట్టే శక్తి తగ్గుతుంది. ఏఎన్-2 రెక్కలమీద మంచును కరిగించే ఏర్పాటు లేదు. మంచు పట్టే మేఘాల్లోకి వెళ్లకూడదన్నదే దానికున్న రక్షణ. ఏడాదిలో సగానికి పైగా చలికాలమే ఉండే చోట ఆ నియమం పాటించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

తోకమీది మంచు ఇంకా మోసకారి. 1959 నవంబరు 16న, 1960 ఫిబ్రవరి 26న ఎల్వోవ్ నగరం దగ్గర రెండు ఏఎన్-10 విమానాలు దిగబోతూ ఒకే తీరున కూలాయి. ఫ్లాప్‌లు కిందికి దించగానే, మంచు పట్టిన తోక పట్టు తప్పి, ముక్కు ఒక్కసారిగా నేలవైపు వంగింది. అంత తక్కువ ఎత్తులో సరిదిద్దుకునే సమయం ఉండదు. ఆ అనుభవంతో మంచులో దిగేటప్పుడు ఫ్లాప్‌ల వాడకంపై పరిమితులు వచ్చాయి. ఏఎన్-10 కాస్త పెద్ద విమానమే అయినా, ఏఎన్-24ను రూపొందించింది కూడా అదే ఆంటొనోవ్ సంస్థ. కారణాన్ని మనిషిలో కాక భౌతిక నియమంలో వెతికినప్పుడు పరిష్కారం దొరుకుతుందని ఎల్వోవ్ చెబుతోంది. అయితే ఆ వెతుకులాట పూర్తయ్యేలోపు, నాలుగు నెలలు తిరక్కుండానే, రెండో విమానం కూలిపోయింది.

లోహం అలసిపోవడం మరో కారణం. 1969 ఆగస్టు 3న ద్నెప్రోపెత్రోవ్స్క్ ప్రాంతంలో ఒక ఏఎన్-24 ప్రొపెల్లర్ రెక్క ఊడి, విమానం ఒంట్లోకి దూసుకుపోయి, అదుపు తీగలను తెంచింది. 55 మంది చనిపోయారు. 1972 మే 18న ఖార్కోవ్ దగ్గర ఏఎన్-10 గాలిలోనే విరిగి 122 మంది మరణించారు. రెక్కల మధ్యభాగంలో పగుళ్లు కారణమని తేలింది. ఏఎన్-10ను ప్రయాణికుల సర్వీసుల నుంచి తొలగించారు. 1982లో మొజీర్ దగ్గర యాక్-42 కూలి 132 మంది చనిపోయాక ఆ రకం విమానాలను 1984 దాకా నేలమీదే ఉంచారు. రూపకల్పనలో లోపాన్ని అక్కడ నిజాయితీగానే తేల్చారు. అంటే సోవియట్ దర్యాప్తు నిపుణులకు తెలివి తక్కువ కాలేదు, ధైర్యం కూడా లేకపోలేదు. కారణం విరిగిన లోహపు ముక్కలో కంటికి కనబడితే వారు దాన్ని పట్టుకున్నారు. ప్రణాళికా పత్రంలో ఉన్న కారణం దగ్గరికి వెళ్లే అధికారమే వారికి లేదు.

ఒకే ఆకాశం, ఇద్దరు యజమానులు

గాలిలో ఢీకొనడమే ఈ చరిత్రలో అన్నిటికంటే కలచివేసే భాగం, ఎందుకంటే అది పూర్తిగా ఆపగలిగింది. 1969 జూన్ 23న కలూగా ప్రాంతంలోని యూఖ్నోవ్ దగ్గర ఏరోఫ్లోట్ ఐఎల్-14 విమానం, పారాట్రూపర్లను తీసుకెళ్తున్న సైనిక ఏఎన్-12 ఢీకొని 120 మంది చనిపోయారు. 1976 సెప్టెంబరు 9న అనాపా దగ్గర నల్లసముద్రంమీద రెండు ఏరోఫ్లోట్ విమానాలే ఢీకొన్నాయి. దొనెత్స్క్ నుంచి సోచీకి వెళ్తున్న ఏఎన్-24 ఒకటి, రొస్తోవ్ నుంచి కెర్చ్‌కు వెళ్తున్న యాక్-40 రెండోది. 70 మంది మరణించారు. కంట్రోలర్ల పొరపాటు కారణం. 1981లో జవీతిన్స్క్. 1985 మే 3న ఎల్వోవ్ దగ్గర ఏరోఫ్లోట్ టీయూ-134, సైనిక ఏఎన్-26 ఢీకొని 94 మంది.

ఈ నాలుగింటిలో మూడు పౌర, సైనిక విమానాల మధ్యే జరిగాయి. సైన్యపు విమానాలకు ఒక కంట్రోల్, పౌర విమానాలకు మరో కంట్రోల్. రెండూ వేర్వేరు గదుల్లో, వేర్వేరు శాఖల కింద, ఒకరి సమాచారం మరొకరికి రహస్యమన్న వాతావరణంలో పనిచేశాయి. ఇద్దరి మధ్య ఒక ఫోను సంభాషణ సరిగా జరిగి ఉంటే ఈ ప్రాణాలు నిలిచేవి. 1969లోనే అర్థం కావలసిన పాఠం 1985 నాటికీ అమలు కాలేదు. పాఠం నేర్చుకోవాల్సినవారు రెండు శక్తిమంతమైన శాఖలు. వాటిని నిలదీయగల మూడో గొంతు దేశంలో లేదు. ప్రజలకు వార్తే చేరనప్పుడు పాఠశాలలో, పార్లమెంటులో, పత్రికలో ప్రశ్న ఎలా పుడుతుంది?

ప్రణాళిక, భయం, మౌనం

1964లో ఏర్పడ్డ పౌర విమానయాన మంత్రిత్వ శాఖే ఏరోఫ్లోట్‌ను నడిపింది. విమానాలు, విమానాశ్రయాలు, కంట్రోలర్లు, పైలట్ శిక్షణ, నియమావళి, ప్రమాదాల దర్యాప్తు దాని పరిధిలోనివే. 1970 నుంచి 1987 దాకా మంత్రిగా ఉన్న బొరీస్ బుగాయెవ్, సోవియట్ నేత బ్రెజ్నెవ్‌కు ఒకప్పటి సొంత పైలట్. ఇంత కాలం, ఇంత అధికారం ఒక్క చోట ఉన్నాక కిందివారు చెడువార్త పైకి చెప్పడానికి వెనకాడటం సహజం.

పైనుంచి కిందికి దిగేది లక్ష్యం. ఇన్ని టన్నులు, ఇంతమంది ప్రయాణికులు, ఇన్ని గంటలు. పైలట్ సంపాదనలో పెద్ద భాగం ఎగిరిన గంటలను, దూరాన్ని బట్టి ఉండేది. వాతావరణం బాగాలేదని ఆగిపోయిన రోజు అతని జేబుకూ నష్టమే, యూనిట్ లెక్కకూ నష్టమే. అదనపు సరుకు, లెక్కలో లేని ప్రయాణికులు ఎక్కడం కూడా మారుమూల మార్గాల్లో తెలిసిన సంగతే. తర్వాతి విమానం ఎప్పుడొస్తుందో తెలియని చోట కాళ్లావేళ్లా పడే మనిషిని పైలట్ ఎలా కాదంటాడు? ఆ మానవత్వమే బరువు లెక్కను తప్పించేది.

ఇక శిక్ష. 1960 నాటి రష్యన్ క్రిమినల్ కోడ్‌లోని 85వ అధికరణం ప్రకారం రవాణా భద్రతా నియమాలు ఉల్లంఘించి ప్రాణనష్టానికి కారణమైనవారికి 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. నిర్లక్ష్యంగా ప్రాణాలు తీసినవారిని శిక్షించడం న్యాయమే. 1986లో కూయిబిషెవ్‌లో కాక్‌పిట్ అద్దాలకు తెరలు వేసి, పందెం కోసం టీయూ-134ను దించబోయి 70 మంది చావుకు కారణమైన కెప్టెన్‌కు 15 ఏళ్లు పడ్డాయి. ఎవరూ దాన్ని తప్పుపట్టలేరు. కానీ చిన్న పొరపాటు చేసి, ప్రమాదం తప్పించుకున్న పైలట్ రేపు మరొకరు అదే పొరపాటు చేయకుండా ఉండేందుకు నిజం చెప్పాలంటే, చెప్పినందుకు శిక్ష ఉండదన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం లేని చోట తప్పిన ప్రమాదాల సమాచారం నోళ్లలోనే ఉండిపోతుంది. ప్రాణం తీసే ముందు ప్రమాదం ఇచ్చే హెచ్చరికలు అవే.

దర్యాప్తుకు దొరికే ఆధారాలు కూడా చిన్న విమానాలకు తక్కువే. వాటిలో వాడిన కే3-63 రికార్డర్ మూడు విషయాలే నమోదు చేసేది: ఎత్తు, వేగం, నిలువుగా పడే భారం. ఇంజిన్ ఏం చేసింది, పైలట్ కంట్రోల్ కాడిని ఎటు లాగాడు, మంచు తొలగించే వ్యవస్థ పనిచేసిందా అన్నవి అందులో ఉండవు. కారణం నిరూపించలేని చోట నింద ఎవరిమీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. సమాధానం చెప్పుకోలేని ఇద్దరు మనుషులు శిథిలాల్లో ఉన్నారు.

ఒక విషయంలో మాత్రం న్యాయంగా మాట్లాడాలి. ప్రమాదాల వివరాలు వృత్తిలో ఉన్నవారికి పూర్తిగా దాచలేదు. లోపలి ఉత్తర్వులుగా అవి యూనిట్లకు వెళ్లేవి, పైలట్లను కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. విమాన నిర్వహణ నియమావళిని 1971, 1978, 1985లలో మళ్లీ మళ్లీ తిరగరాశారు. ఆ నియమాల్లో చాలావాటి వెనుక ప్రాణాలు పోయిన ఒక్కో ఘటన ఉంది. 1970 నవంబరులో సోవియట్ యూనియన్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థలో కూడా చేరింది. కానీ ఆ పాఠాలన్నీ కిందివైపే వెళ్లాయి. పైలట్ ఎలా జాగ్రత్తపడాలో చెప్పాయి. మంత్రిత్వ శాఖ ఏం మార్చుకోవాలో ఎవరూ దానికి చెప్పలేదు. విదేశీయులో ప్రముఖులో చనిపోతే తప్ప పత్రికల్లో నాలుగు వరుసలు కూడా వచ్చేవి కావు. దాపరికాన్ని సడలించిన గ్లాస్నోస్త్ విధానం మొదలయ్యాకే ఆ తలుపు తెరుచుకుంది.

అమెరికాలోనూ కూలలేదా?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. 1970లలో చిన్న విమానాలు ప్రపంచమంతటా కూలాయి, పెట్టుబడిదారీ దేశాల్లోనూ కూలాయి, అలాంటప్పుడు సోవియట్ వ్యవస్థను వేలెత్తి చూపడం దేనికి? అభ్యంతరం సబబైనదే. 1979 మే 30న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో రాక్‌లాండ్ దగ్గర డౌన్‌ఈస్ట్ సంస్థ ట్విన్ ఆటర్ విమానం పొగమంచులో దిగబోతూ కూలింది. 18 మందిలో 17 మంది చనిపోయారు. అలసిన కెప్టెన్, అనుభవం తక్కువున్న సహపైలట్, నిర్ణీత ఎత్తు దాటి కిందికి దిగడం. సైబీరియాలోని ఏ చిన్న ఊళ్లోనైనా జరిగి ఉండగలిగిన ప్రమాదమే.

తేడా అంతా ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. 1975లో రవాణా శాఖ నుంచి విడిపోయి స్వతంత్రంగా పనిచేస్తున్న దర్యాప్తు బోర్డు ఆ నివేదికలో పైలట్ల పొరపాటు దగ్గర ఆగిపోలేదు. వారిమీద యాజమాన్యం పెట్టిన మితిమీరిన ఒత్తిడిని ప్రమాద కారకాల్లో ఒకటిగా రాసి, బహిరంగంగా ప్రచురించింది. చనిపోయిన పైలట్ల భుజాల మీదుగా యజమాని గదిలోకి చూడగలిగింది. ఎందుకంటే ఆ బోర్డు జీతం ఆ యజమాని ఇవ్వడు, ఆ శాఖా ఇవ్వదు.

సోవియట్ యూనియన్ కూలాక స్వేచ్ఛ వచ్చింది గదా, మరి ప్రమాదాలు ఆగాయా? ఆగలేదు, కొంతకాలం ఇంకా ఘోరమయ్యాయి. 1993 ఆగస్టు 28న తజికిస్తాన్‌లోని ఖొరోగ్‌లో ఆయుధాలు పట్టినవాళ్లు బెదిరించి, 30 మందికి కూడా చోటు లేని యాక్-40లోకి 81 మంది ప్రయాణికులను ఎక్కించారు. విమానం రన్‌వే దాటిపోయి 82 మంది చనిపోయారు. సోవియట్ పౌర విమానయానానికి వారసురాలైన అంతర్రాష్ట్ర విమానయాన కమిటీ 1991 డిసెంబరులో ఏర్పడింది. విమానాలకు యోగ్యతా పత్రాలు ఇచ్చేదీ, అవే కూలితే దర్యాప్తు చేసేదీ అదే. 2015 చివర్లో గానీ యోగ్యతా పత్రాల బాధ్యతను దాన్నుంచి తప్పించలేదు. దేశం పేరు మారినా పాత ముడి మరో పాతికేళ్లు నిలిచింది.

ఆ వారసత్వపు బరువు ఇంకా దిగలేదు. కమ్చాత్కాలోని పలానా అనే ఊరి దగ్గర 2012 సెప్టెంబరులో ఏఎన్-28 కొండను ఢీకొని 10 మంది, 2021 జులైలో ఏఎన్-26 సముద్రపు ఒడ్డు గట్టును ఢీకొని 28 మంది చనిపోయారు. రెండుసార్లూ అదే విమాన సంస్థ, అదే ఊరు, దిగే తరుణం, మబ్బు. 2025 జులై 24న అమూర్ ప్రాంతంలోని టిండా దగ్గర ఏఎన్-24 కూలి 48 మంది మరణించారు. 1976లో తయారైన విమానం అది. కొత్తవి కొనడానికి డబ్బు లేక, పాతవాటిని మాన్పించడానికి దారి లేక ఆ ఊళ్ల ప్రజలు ఇప్పటికీ తాతల కాలపు విమానాలే ఎక్కుతున్నారు. స్వతంత్ర దర్యాప్తు ఉంటే చాలదు. అది చెప్పినదాన్ని అమలు చేసే డబ్బు, ఉద్దేశం కూడా ప్రభుత్వానికి ఉండాలి.

మనకు సంబంధించిన పాఠం

ఈ వంశపు విమానం మనకూ తెలుసు. ఏఎన్-24 నుంచి ఏఎన్-26, దాన్నుంచి భారత వైమానిక దళం అవసరాల కోసం ఏఎన్-32 వచ్చాయి. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తూ బంగాళాఖాతంమీద అదృశ్యమైన ఏఎన్-32లోని 29 మందిలో విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు పౌర ఉద్యోగులు కూడా ఉన్నారు. దాని శకలాలు సముద్రం అడుగున దొరికాయన్న సంగతి 2024 జనవరిలో గానీ వారి కుటుంబాలకు తెలియలేదు. ఏడున్నరేళ్లు! తమవాళ్లకు ఏమైందో తెలుసుకోవడం ఆ ఇళ్లవారికి ఎంత అవసరమో మనం వేరే దేశపు చరిత్ర చదివి నేర్చుకోనక్కర్లేదు.

పౌర విమానయానంలో మన దేశం ఇప్పుడు చిన్న ఊళ్లవైపు అడుగులు వేస్తోంది. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి మార్గాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రదర్శన ప్రయాణం జరిగింది. అదీ ట్విన్ ఆటరే. శ్రీశైలం ఉన్నది నల్లమల కొండల్లో. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఆ నల్లమలలోనే, వాన మబ్బుల మధ్య కూలిందని తెలుగువారికి గుర్తుచేయాల్సిన పని లేదు. చిన్న ఊరికి విమానం రావాల్సిందే. అక్కడికి రాడార్, దిగే వాలు చూపే పరికరాలు, నమ్మదగిన వాతావరణ కేంద్రం, అవసరమైతే మళ్లడానికి మరో రన్‌వే కూడా రావాలి. టికెట్ ధరకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం వీటికీ అంతే శ్రద్ధతో నిధులివ్వాలి.

దర్యాప్తు విషయంలో మనం సగం దూరం వచ్చాం. 2012 దాకా పౌర విమానయాన డైరెక్టరేట్ జనరలే నియమాలూ చూసేది, ప్రమాదాల దర్యాప్తూ చూసేది. ఆ ఏడాది విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ విడిగా ఏర్పడింది. 2020 నాటి సవరణ దానికి చట్టబద్ధత ఇచ్చింది. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ దుర్ఘటనపై నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదికను అది ప్రజల ముందు పెట్టింది. ఇది మేలైన మార్పు. కానీ ఆ సంస్థ ఇప్పటికీ పౌర విమానయాన మంత్రిత్వ శాఖ గొడుగు కిందే ఉంది. ప్రాంతీయ విమానయానాన్ని విస్తరించాలన్న లక్ష్యం పెట్టుకున్నదీ ఆ శాఖే. లక్ష్యం తొందరలో జరిగిన లోపాన్ని తన పై అధికారికే చెప్పాల్సి వస్తే ఏ అధికారైనా ఎంతవరకు చెప్పగలడు?

అందుకే మూడు పనులు జరగాలి. దర్యాప్తు సంస్థను మంత్రిత్వ శాఖ నుంచి పూర్తిగా వేరుచేసి, దాని నివేదికలను నేరుగా పార్లమెంటు ముందుంచాలి. పెద్ద దుర్ఘటనలవే కాక, శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు, చిన్న ప్రాంతీయ విమానాల నివేదికలు కూడా గడువులోగా బయటికి రావాలి. పొరపాటును తనంతట తానుగా చెప్పిన పైలట్‌ను, కంట్రోలర్‌ను, మెకానిక్‌ను ఆ చెప్పినదానికే శిక్షించకుండా చట్టం కాపాడాలి. ఉద్దేశపూర్వక నిర్లక్ష్యానికి ఈ రక్షణ వర్తించకూడదు.

మారుమూల ఊరివారి ప్రాణం నగరవాసి ప్రాణంతో సమానమన్నది సోవియట్ రాజ్యం ప్రకటించిన ఆదర్శం. చిన్న విమానాలు నడపడంలో ఆ ఆదర్శాన్ని కొంతవరకు నిలబెట్టుకుంది. అవి కూలినప్పుడు కారణం చెప్పడంలో మాత్రం దాన్ని వదిలేసింది. కారణం తెలుసుకునే హక్కు ప్రయాణించే హక్కులో భాగమే. ఆ హక్కును ఇవ్వని ప్రభుత్వం ఎంత చవగ్గా టికెట్ ఇచ్చినా ప్రజలకు బాకీ పడినట్టే. మన చిన్న ఊళ్లకు విమానాలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ హక్కును చట్టంలో రాసుకోవాల్సిన సమయం మొదటి పెద్ద ప్రమాదం తర్వాత కాదు, ఇప్పుడే.